ఖరాబు కాదు.. కాపురమున్న నేల!

ఊరి కుర్రాళ్లు కాపాడిన గుట్ట, చెరువు పంచాయితీ పుస్తకంలోకి ఎక్కితేనే ఆ కష్టానికి భరోసా

మాస్తి దాటి తమిళనాడు వైపు పోతుంటే కర్ణాటక ఎక్కడ ముగిసిందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. రెండు వైపులా అవే రాగి చేలు, అవే బండరాళ్ల గుట్టలు, అవే చెరువుకట్టలు. టీకొట్టు బెంచీ మీద వినబడే తెలుగు కూడా ఒకటే. మనుషులకే ఆనవాలు దొరకని సరిహద్దు కొంగకూ, నక్కకూ, ఏనుగుకూ ఎలా తెలుస్తుంది?

వాటికి తెలిసిందల్లా ఒక్కటే. నీళ్లున్న చెరువు, నీడున్న తోపు, దాక్కోవడానికి బండ సందు. ఈ మూడూ ఉన్నచోట కాపురం పెడతాయి. లేనిచోటు వదిలి పోతాయి. పోవడానికి దారి లేకపోతే చస్తాయి.

ఇవే చోట్లకు రెవెన్యూ పుస్తకంలో ఇంకో పేరుంది. ఖరాబు! సాగుకు పనికిరాని బండ, గుట్ట 'ఏ' ఖరాబు. కాలువ, దారి లాంటివి, నలుగురి అవసరానికి వదిలినవి 'బి' ఖరాబు. సాగు లెక్కలోకి రాని నేల అని సర్వే చేసినవాళ్లు పెట్టుకున్న గుర్తు అది. రాను రాను ఆ గుర్తే తీర్పులా మారిపోయింది. "ఖరాబే కదన్నా, తవ్వితే ఎవరికి నష్టం?" అనే మాట మాలూరు తాలూకాలోనే కాదు, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం ఎక్కడికి పోయినా వినబడేదే.

నష్టం ఎవరికో చెప్పాల్సిన పని ఊర్లలోని నలుగురు కుర్రాళ్ల మీద పడింది. వేసవిలో గుట్టకు నిప్పంటుకుంటే పచ్చి కొమ్మలు విరుచుకుని పరుగెత్తేది ఇలాంటివాళ్లే. పాడుబావిలో పడ్డ నక్కను పైకి తీసేది, చెరువు చివర ఉరి పెట్టేవాళ్లతో గొడవ పడేది, తోపులో తొట్లకు నీళ్లు పోసేది వీళ్లే. జీతం లేదు, భత్యం లేదు. ఇంట్లో మాత్రం "పనిలేని పని" అని తిట్లు.

వీళ్లను మెచ్చుకోవాల్సిందే. అయితే మెచ్చుకుని ఊరుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. పదేళ్ల కష్టాన్ని ఒక్క క్వారీ లీజు ఒక్క పూటలో తుడిచేస్తుంది. కాగితాన్ని ఎదుర్కోవాలంటే కాగితమే కావాలి. ఆ కాగితం రాసుకునే హక్కు ఊరికి చట్టం ఎప్పుడో ఇచ్చింది. వాడుకునేవాళ్లే తక్కువ.

జిల్లా పేరు మోస్తున్న గబ్బిలం

ఈ మాటకు సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. కోలారు పేరు పెట్టుకున్న జీవి ఒకటుంది. కోలారు ఆకుముక్కు గబ్బిలం! ముక్కు మీద ఆకులాంటి మడత ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1994లో శాస్త్రవేత్తలు దీన్ని కొత్త జాతిగా లోకానికి చెప్పారు. అప్పట్లో హనుమనహళ్లి, తేరహళ్లి గుహల్లో దొరికింది. తరువాతి వెతుకులాటల్లో హనుమనహళ్లిలోని ఒక్క గుహలోనే మిగిలింది. ప్రపంచంలో ఇంకెక్కడా దీని జాడ లేదు. మొత్తం సంఖ్య రెండొందల లోపేనని అంచనా. 2016లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దీన్ని అంతరించడానికి అత్యంత దగ్గరగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

ఈ గుహల మీద పరిశోధన చేసినవారిలో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు ఉన్నారు. బండలోని గుహను బతికించడానికి బెంగళూరు కేంద్రంగా పనిచేసే బ్యాట్ కన్జర్వేషన్ ఇండియా ట్రస్టు స్వచ్ఛందంగా ముందుకొచ్చింది. అటవీ శాఖతో కలిసి తిరిగితే తప్ప గుహ చుట్టూ 30 ఎకరాల నేలకు రక్షణ దొరకలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ గబ్బిలాన్ని పనిగట్టుకుని చంపింది ఎవరూ లేరు. దానికి ముప్పు వచ్చింది గ్రానైటు తవ్వకం వల్ల. గుహ కూలిపోనక్కర్లేదు. తూటా చప్పుడు, పొగ, దుమ్ము చాలు. ఏడాదికి ఒక్క పిల్లనే కనే జీవికి రెండు మూడేళ్లు ఈత తప్పిందంటే మళ్లీ లెక్క పుంజుకోవడం కష్టం. తవ్వేవాళ్లకు అది వట్టి బండ. పుస్తకంలో కూడా అది వట్టి బండే. బండ లోపల ప్రపంచంలో ఇంకెక్కడా లేని కాపురం ఉందని రాసిపెట్టిన చోటు ఏదీ లేదు.

గబ్బిలం అంటే జనానికి భయం ఉన్నమాట నిజమే. 2018లో కేరళలో నిఫా వచ్చినప్పుడు, 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ భయం ఇంకా పెరిగింది. నిఫా వైరస్ ఉండేది పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో. గుహలో ఉండే ఈ చిన్న గబ్బిలం తినేది పురుగుల్ని. టమోటా తోటలో మందు కొట్టీ కొట్టీ అప్పులపాలైన రైతుకు రాత్రిపూట పైసా తీసుకోకుండా పురుగు ఏరిపెట్టే కూలి గబ్బిలం. చట్టం కూడా ఈ మధ్యే కళ్లు తెరిచింది. పండ్లు తినే గబ్బిలాల్లో ఎక్కువ రకాల్ని ఎలుకతో, కాకితో కలిపి పీడ జంతువుల జాబితాలో పెట్టిన పాత పద్ధతిని 2022 సవరణతో తీసేశారు.

పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు

కాగితం లేకుండానే ఊరు కాపాడిన ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. సరిహద్దుకు అవతల చిలమత్తూరు మండలం వీరాపురం. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఏటా కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరి జనం వాటిని పురుడు పోసుకోవడానికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూస్తారు. రెట్ట పడిందని, కంపు కొడుతోందని తరిమేవాళ్లు లేరు. కొంగ రాని ఏడు వాన రాదని నమ్మకం.

వీటిని పేపర్లు కూడా సైబీరియా పక్షులని రాస్తూ వచ్చాయి. అది పొరపాటు. పెయింటెడ్ స్టార్క్ అనే ఈ రంగుల కొంగ మన దేశపుదే. చుట్టుపక్కల చెరువుల్లో చేపలు దొరికినంత కాలం ఇక్కడే తిరుగుతుంది. అంటే అది దూరదేశపు అతిథి కాదు, పొరుగింటి మనిషి. ఈ సీమలో చెరువులు ఎండితే వీరాపురం చింతచెట్టు ఒక్కటే ఏం చేస్తుంది? గూడు ఒక ఊర్లో, కూడు పది ఊర్లలో! పిల్లకు చేప తేవడానికి ఎంత దూరం ఎగరాల్సి వస్తే పిల్ల బతికే ఆశ అంత తగ్గుతుంది.

మండ్య జిల్లా మద్దూరు తాలూకా కొక్కరెబెళ్లూరుది ఇంకో అడుగు ముందున్న కథ. కొంగలు, గూడబాతులు ఊరి చెట్ల మీదే పిల్లల్ని చేసే సంగతిని 1976లో అటవీ అధికారి ఎస్.జి. నెగినహాళ్ బయటి ప్రపంచానికి చెప్పారు. 1994లో ఊరి యువకులు 'హెజ్జార్లె బళగ' పేరుతో ఒక జట్టుగా ఏర్పడ్డారు. హెజ్జార్లె అంటే గూడబాతు. బళగ అంటే బంధుబలగం. గూటి నుంచి జారిపడ్డ పిల్లల్ని కంచె కట్టిన దొడ్డిలో పెట్టి, చేపలు మేపి, రెక్కలొచ్చాక వదిలేవాళ్లు. 2007లో ఆ ఊరు చట్టప్రకారం సముదాయ సంరక్షణ ప్రాంతమైంది.

కుర్రాళ్ల ప్రేమకు చట్టం తోడైన ఊరు కొక్కరెబెళ్లూరు. నమ్మకం ముసలివాళ్లతో పోవచ్చు. జట్టులోని కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు పోవచ్చు. రాసిన రాత మాత్రం ఉంటుంది.

రైతు కడుపు కొట్టి కాదు

కొక్కరెబెళ్లూరులో ఇంకో పాఠం కూడా ఉంది. గూడు కట్టిన చింతచెట్టుకు కాయ కోయడానికి వీలుకాదు. ఆ నష్టం చెట్టు యజమానిది. ఆయన్ను ధర్మం చేయమంటే ఎన్నేళ్లు చేస్తాడు? అందుకే గూళ్లున్న చెట్లకు అటవీ శాఖ లెక్కకట్టి పరిహారం ఇచ్చే ఏర్పాటు వచ్చింది. చెట్ల కింది రెట్టను చెరువు మట్టితో కలిపి ఎరువుగా వాడుకునే అలవాటు అంతకు ముందే ఊరికి ఉంది. నష్టం పంచుకునేవాళ్లు, లాభం చూపించేవాళ్లు ఉన్నప్పుడే సంరక్షణ నిలబడింది.

మాస్తి చుట్టుపక్కల ఈ లెక్క కొంగతో ఆగదు. ఏనుగు ఉంది. 1980ల్లో కరువు రోజుల్లో హోసూరు వైపు అడవుల నుంచి కదిలిన గుంపులు కుప్పం దాకా పోయాయి. దాదాపు రెండొందల ఏళ్లుగా అడవి ఏనుగు లేని ఆంధ్ర నేలకు మళ్లీ ఏనుగు వచ్చింది అలాగే. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పటంలో అభయారణ్యం గీసినంత మాత్రాన దారి మారదు. ఆ అడవులకూ ఈ అడవులకూ మధ్యలో మాలూరు, బంగారుపేట చేలున్నాయి. రాత్రికి రాత్రి రాగి కుప్ప, టమోటా తోట నేలమట్టమైన రైతు దగ్గరికి పోయి "ప్రకృతిని ప్రేమించు" అంటే పొలిమేర దాకా తరుముతాడు. తరమడమే న్యాయం కూడా.

స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకు నిజమైన పని ఇక్కడే. తమిళనాడులో ఆనమలై కొండల్లోని వాల్పారై తేయాకు ఎస్టేట్లలో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్లు ఏనుగులు ఎక్కడున్నాయో సాయంత్రానికల్లా కూలీల ఫోన్లకు సందేశాలు పంపే పద్ధతి పెట్టారు. దగ్గర్లో ఏనుగుంటే వెలిగే ఎర్ర దీపాలు కట్టారు. చీకట్లో తెలియక ఎదురుపడి చనిపోయేవాళ్ల సంఖ్య తగ్గింది. సరిహద్దు ఊర్లలో ఇది ఇంకా తేలిక. ఇవతలి ఊరి కుర్రాడికీ అవతలి ఊరి కుర్రాడికీ భాష ఒకటే, చుట్టరికం కూడా ఉంటుంది. గుంపు కదిలిందన్న కబురు రెండు రాష్ట్రాల అటవీ ఆఫీసుల మధ్య తిరిగి వచ్చేలోపు ఒక్క ఫోను చాలు. పరిహారం అర్జీకి ఫొటో తీసి, పహణీ నకలు జతచేసి, ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చేదాకా రైతు పక్కన నిలబడితే అదీ సంరక్షణే. ఆ రైతు మరుసటి ఏడాది కరెంటు తీగ లాగడానికి వెనకాడతాడు.

మొక్క నాటితే సరిపోదు

పర్యావరణ దినం వస్తే మొక్క నాటడం, ఫొటో దిగడం ఆనవాయితీ అయింది. కోలారు జిల్లాకు చెట్లు నాటిన పాఠం బాగా తెలుసు. 1980ల్లో కట్టెకు, కాగితానికి పనికొస్తుందని పొలాల్లో, గోమాళాల్లో నీలగిరి నాటారు. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. లోపలికి పోతే కింద గడ్డి లేదు, పిట్ట కూత లేదు. చివరికి 2017లో కర్ణాటక ప్రభుత్వమే కొత్తగా నీలగిరి నాటకూడదని నిషేధం పెట్టాల్సి వచ్చింది.

ఈ సీమ ప్రకృతే వేరు. దట్టమైన అడవి కాదు. గడ్డి బీడు, ముళ్లపొద, బండ, మధ్యలో చెరువు. కౌజుపిట్ట గుడ్డు పెట్టేది నేల మీద గడ్డిలో. పెద్ద గుడ్లగూబ కాపురం బండ అంచున. ఉడుముకు సందు కావాలి. నక్కకు బొరియ తవ్వుకునే మెత్తటి గట్టు కావాలి. చిరుతకూ ఎలుగుకూ గుండ్ల మధ్య చల్లటి గుహ కావాలి. ఎండాకాలంలో బండ మీది దొణలో నిలిచే నాలుగు బిందెల నీళ్లే చాలా ప్రాణాలకు దిక్కు. గడ్డి బీడులో గుంతలు తవ్వి వరసగా మొక్కలు నాటితే మంచి జరగదు, ఉన్న కాపురాలు ఖాళీ అవుతాయి. కొన్నిచోట్ల ఏమీ చేయకుండా ఉండటమే పెద్ద సేవ.

చెరువు కూడా అంతే. జీవనది లేని జిల్లాకు చెరువే తల్లి. మాలూరు తాలూకా ఇటుకలకు, పెంకులకు పేరుపడింది. ఆ పేరు వెనక మట్టి ఉంది. పూడిక తీయడం వేరు, చెరువు అడుగును గుంతలు గుంతలుగా తవ్వేయడం వేరు. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకంతో బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు కోలారు చెరువులకు వస్తున్నాయి. ఎండిన చెరువులో నీళ్లు చూసి సంతోషించినవాళ్లూ ఉన్నారు, ఆ శుద్ధి చాలదని కోర్టుకు పోయినవాళ్లూ ఉన్నారు. నీళ్లు వచ్చాయా అన్నది ఒక్కటే ప్రశ్న కాకూడదు. ఏ నెలలో ఏ పక్షి వచ్చింది, ఎన్ని వచ్చాయి, చేప ఎప్పుడు చచ్చి తేలింది అని తేదీ వేసి రాసే ఇద్దరు కుర్రాళ్లు ప్రతి చెరువుకూ ఉంటే నీళ్ల నాణ్యత మీద వాదనకు ఆధారం దొరుకుతుంది. ఒక వంద పేజీల నోటుబుక్కు, ఒక పెన్ను. ఖర్చు అంతే!

చట్టం చేతిలోనే ఉంది

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయితీకీ ఒక జీవవైవిధ్య నిర్వహణ సమితి ఉండాలి. ఊర్లోని చెట్టు, చేప, పిట్ట, జంతువు, వాటి చోట్లు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. ఏళ్లు గడిచినా చాలా రాష్ట్రాలు పట్టించుకోకపోతే 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా మందలించింది. 2020 జనవరి నెలాఖరులోగా పూర్తిచేయని రాష్ట్రాలకు నెలకు 10 లక్షల రూపాయల జరిమానా అంది. దాంతో దేశమంతటా రిజిస్టర్లు హడావిడిగా తయారయ్యాయి. ఒక ఊరి జాబితానే ఇంకో ఊరికి ఎత్తిరాశారన్న విమర్శ కూడా వచ్చింది.

హడావిడిగా రాసినా అది ఊరి పుస్తకమే. తప్పుంటే దిద్దుకోవచ్చు, లేనిది చేర్చుకోవచ్చు. దాని విలువ ఎక్కడ తెలుస్తుందంటే క్వారీ అర్జీ వచ్చినప్పుడు. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో 5 హెక్టార్ల లోపు చిన్న క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరైంది. ఆ అర్జీలో చుట్టుపక్కల జీవజాలం గురించి చెప్పాలి. "చెప్పుకోదగ్గ వన్యప్రాణులు లేవు" అని ఒక్క వాక్యం రాసి పడేస్తే కాదనడానికి ఊరి దగ్గర ఏముంది? ఫలానా సర్వే నంబరు గుట్టలో ఫలానా గుహ ఉంది, అందులో ఫలానా జీవి పిల్లల్ని చేస్తుంది అని తేదీతో సహా పంచాయితీ పుస్తకంలో ఉంటే ఆ వాక్యం నిలబడదు.

ఇదే చట్టం కింద ముఖ్యమైన చోట్లను జీవవైవిధ్య వారసత్వ స్థలాలుగా ప్రకటించవచ్చు. దేశంలో అలాంటి మొదటి స్థలం ఎక్కడో కాదు, దేవనహళ్లి తాలూకా నల్లూరు చింతతోపు. 54 ఎకరాల ఆ తోపుకు 2007లోనే ఆ గుర్తింపు వచ్చింది. తమిళనాడులో మొదటిది మదురై జిల్లా అరిట్టాపట్టి. గ్రానైటు తవ్వకాల్ని ఎదిరించిన ఊరు అది. 2022లో 193 హెక్టార్లకు గుర్తింపు దొరికింది. 2024లో ఆ ప్రాంతం టంగ్‌స్టన్ గని వేలంలోకి పోతే జనం రోడ్డెక్కారు. 2025 జనవరిలో కేంద్రం ఆ వేలాన్ని రద్దు చేసింది. జనం గొంతుకు ప్రభుత్వ కాగితం బలం తోడైంది. రెండిట్లో ఏది లేకపోయినా ఫలితం వేరుగా ఉండేదేమో.

గోమాళాలకు కూడా ఇలాంటి ఆసరా ఉంది. కర్ణాటక రెవెన్యూ నియమాల ప్రకారం వంద పశువులకు 12 హెక్టార్ల చొప్పున మేతబీడు ఉంచాలి. ఊరుమ్మడి చెరువులు, బీళ్ల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఆవు మేసే బీడు కౌజుకు కూడా ఇల్లే. పశువుల కోసం అడిగితే పిట్టకూ దక్కుతుంది.

కథలు రాసిన ఊరు

"క్వారీతో పది మందికి కూలి దొరుకుతోంది, పిట్టల కోసం మాన్పిస్తారా?" అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఇల్లు కట్టాలంటే రాయి కావాలి, కూలికి పని కావాలి. ప్రతి గుట్టనూ ముట్టుకోవద్దని ఎవరూ అనడం లేదు. ఏ గుట్టను ముట్టుకోకూడదో లీజు ఇవ్వకముందే ఊరు చెప్పగలగాలి. తవ్విన తరువాత చెప్పి లాభం లేదు. కూలి దొరికేది బండ అయిపోయేదాకా. ఆ తరువాత మిగిలేది పిల్లలు జారిపడే నీళ్ల గుంత. దొణలు, వాగులు, చెరువులు బాగుంటే మాత్రం బోరులో నీళ్లు ఇంకో తరానికి ఉంటాయి.

చేయాల్సిన పని కొండంత లేదు. గ్రామసభ జరిగే రోజున నలుగురు లేచి "మన పంచాయితీ జీవవైవిధ్య రిజిస్టరు తెచ్చి చదవండి" అని అడగాలి. సమితిలో ఎవరున్నారో తెలుసుకోవాలి. గొర్రెలు కాసేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను, తేనె తీసేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయాలి. ఏ గుహలో ఏముందో ఆఫీసు కుర్చీకి తెలియదు, గొర్రెల కాపరికి తెలుసు. అరుదైన జీవి ఉన్న గుహకు దారి మాత్రం ఊరంతా టముకు వేయకూడదు. వేడుక చూసేవాళ్లు కూడా వేటగాళ్లంత చేటు చేయగలరు.

మాస్తి అంటే కన్నడ సాహిత్యంలో చిన్న పేరు కాదు. 1983 జ్ఞానపీఠం అందుకున్న మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఊరది. మనుషుల కథల్ని అంత ఓపికగా రాసిన మనిషిని ఇచ్చిన నేలకు, తన చెరువులో వాలే కొంగ పేరు, తన గుట్టలో ఉండే గుడ్లగూబ పేరు ఒక పుస్తకంలో రాసుకోవడం బరువైన పని కాదు. సర్వే చేసినవాళ్లు 'ఖరాబు' అని ఒక్క మాట రాసి పోయారు. ఆ మాట పక్కన అక్కడ ఎవరి కాపురం ఉందో రాయాల్సింది ఊరే. వచ్చే గ్రామసభలోనే మొదలుపెడితే మేలు. క్వారీ అర్జీలు గ్రామసభ కోసం ఆగవు.